యంత్రశక్తికి కొలత: వాల్టర్ షూహార్ట్

ఒకే యంత్రముపై, ఒకే కార్మికుడు, ఒకే లోహముతో చేసిన రెండు వస్తువులు సైతము అచ్చముగా ఒక్క తీరున నుండవు. ఈ తేడా కార్మికుని అజాగ్రత్తవలన కలిగినదా, లేక ఆ పనివిధానమునకే సహజమైనదా? ఈ ప్రశ్నకు లెక్కతో సమాధానము చూపినవాడు వాల్టర్ ఆండ్రూ షూహార్ట్.

ఆయన 1891 మార్చి 18వ తేదీన అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమందలి న్యూ కాంటన్‌లో జన్మించెను. భౌతికశాస్త్రము నభ్యసించి 1917లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందెను. మరుసటి యేడు షికాగో చెంత హాథార్న్‌లోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కర్మాగారమున తనిఖీ శాఖలో ఇంజనీరుగా చేరెను. బెల్ సంస్థకు టెలిఫోను పరికరములు తయారైనది అచ్చటనే. ఆనాడు తనిఖీ యనగా తయారైన సరుకులో చెడినవానిని ఏరి పారవేయుటయే. భూమిలో పాతిన పరికరము చెడినచో త్రవ్వి బాగుచేయుటకు వ్యయము మెండు. అందుచే లోపము కన్పడినప్పుడెల్ల యంత్రమును సవరించుచుండిరి. సవరించినకొలది తేడాలు పెరుగుచుండెను.

1924 మే 16న షూహార్ట్ తన పై యధికారియగు జార్జి ఎడ్వర్డ్స్‌కు ఒక నివేదిక పంపెను. అది సుమారొక పుట. అందులో మూడవవంతు పటమే. దస్త్రముల బరువెరిగిన కచేరీ ఉద్యోగులకు ఇది వింతగా తోచవచ్చును. నడుమ సగటు గీత, పైన క్రింద హద్దు గీతలు. కొలతలను సూచించు చుక్కలు ఏ వరుసయు లేక హద్దుల నడుమ చెదరియున్నచో ఆ తేడా సహజము, యంత్రమును ముట్టరాదు. హద్దు దాటినచో ప్రత్యేక కారణమును వెదుకవలెను.

ఈ హద్దులు పనివిధానపు నడవడినుండి పుట్టినవి. కొనుగోలుదారు విధించు షరతు వేరు. ఇరుసు వ్యాసము 10 మిల్లీమీటర్లుండవలెననియు, ఇటు అటు 0.03 మించరాదనియు షరతు అనుకొందము. అనుమతించిన వెడల్పు 0.06. నిలకడగా నడచు యంత్రమున ప్రామాణిక విచలనము 0.015 అయినచో, సగటుకు ఇరువైపుల మూడేసి రెట్ల చొప్పున సహజ వ్యాప్తి 0.09 అగును. కార్మికుని ఎంత మందలించినను, జీతము కోసినను, ఆ యంత్రము ఆ షరతును నెరవేర్చజాలదు. యంత్రమునో, పద్ధతినో, షరతునో మార్చవలసినదే. విచలనము 0.005 అయి, సగటు నడుమ నిలిచినచో వ్యాప్తి 0.03 మాత్రమే, చిక్కు లేదు. నిలకడయే లేని యంత్రమునకు మాత్రము ఈ లెక్క వర్తింపదు. అనుమతించిన వెడల్పును వ్యాప్తిచే భాగించి, సామర్థ్యసూచిక యని పేరిడినవారు తరువాతివారు. ఆ సూచికను మాత్రమే చూచి పటమును చూడనివారు నేటికిని లేకపోలేదు.

1925 మొదలు 1956లో విరమించువరకు ఆయన బెల్ ప్రయోగశాలలలో పనిచేసెను. 1931లో ప్రకటించిన గ్రంథమున ఈ సిద్ధాంతమునంతయు విపులీకరించెను. 1947-48లో మహలనోబిస్ ప్రోత్సాహమున భారతదేశమునకు వచ్చి, పర్యటించి, సభలు జరిపి, మన పారిశ్రామికులకు ఈ విద్యపై ఆసక్తి కలిగించెను. ఆయన మిత్రుడు డెమింగ్ 1950లో జపానులో బోధించినదియు ఈ పటమునే. కర్మాగారముల పేరు మారుమ్రోగినంతగా షూహార్ట్ పేరు మ్రోగలేదు. 1967 మార్చి 11న న్యూజెర్సీలోని ట్రాయ్ హిల్స్‌లో ఆయన మరణించెను.