అనాథల తండ్రి జార్జి ముల్లర్



సాయంత్రం గంట కొట్టగానే కంచం పట్టుకుని వరుసలో నిలబడడం మనకు అలవాటు. బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయి, పప్పుకు డబ్బు ఎవరిచ్చారు అని మనం ఆలోచించం. ప్రభుత్వం ఇస్తుంది, వార్డెన్ గారు తెప్పిస్తారు, వంటవాళ్లు వండుతారు. అయితే ప్రభుత్వ గ్రాంటు లేకుండా, ఎవరినీ చందా అడగకుండా, ఒక్క పైసా అప్పు చేయకుండా రెండువేల మంది పిల్లలను పోషించిన గృహాలు ఒకప్పుడు ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఉండేవి. వాటిని నడిపిన జార్జి ముల్లర్ గారి జీవితం గురించి నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

జార్జి 1805 సెప్టెంబరు 27న ప్రష్యా రాజ్యంలో, అంటే ఇప్పటి జర్మనీలో, క్రోపెన్‌స్టెట్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి పన్నులు వసూలు చేసే ప్రభుత్వోద్యోగి. ఇంట్లో ఉంచిన ప్రభుత్వ సొమ్ములోంచి కొడుకు తరచూ దొంగిలించేవాడు. అనుమానం వచ్చిన తండ్రి ఒకరోజు కొంత డబ్బు లెక్కపెట్టి గదిలో వదిలి బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చి వెతికితే ఆ డబ్బు కుర్రవాడి బూటులో, కాలి కింద దొరికింది. దెబ్బలు తిన్నాడు గాని బుద్ధి రాలేదు. పద్నాలుగేళ్లప్పుడు ఇంట్లో తల్లి చనిపోతున్న రాత్రి, ఆ సంగతి తెలియక, తెల్లవారుజామున రెండింటి దాకా పేకాట ఆడుతూ కూర్చున్నాడు. పదహారేళ్లకు హోటళ్లలో తిని, పడుకుని బిల్లు కట్టకుండా పారిపోబోయి పట్టుబడ్డాడు. 1821 డిసెంబరు నుంచి మరుసటి జనవరి దాకా జైల్లో ఉన్నాడు. క్రిస్మస్ కూడా అక్కడే గడిచింది.

ఇలాంటి వాడిని తండ్రి పాదిరిని చేయాలనుకున్నాడు. భక్తితో కాదు. పాదిరి ఉద్యోగంలో మంచి జీతం, ఉండడానికి ఇల్లు ఉంటాయి, ముసలితనంలో తానూ కొడుకు దగ్గర హాయిగా ఉండవచ్చని. జార్జి 1825లో హాలే విశ్వవిద్యాలయంలో చేరాడు. వేదాంత విద్యార్థి అయిన అతని దగ్గర మూడువందలకు పైగా పుస్తకాలు ఉండేవి గాని వాటిలో బైబిలు మాత్రం లేదు. ఆ ఏడే స్నేహితులతో కలిసి స్విట్జర్లాండు యాత్రకు వెళ్లాడు. ఉమ్మడి ఖర్చుల సంచి అతని చేతిలో పెట్టారు. లెక్కలు ఎలా తిప్పాడో గాని మిగతావాళ్లు పెట్టినదానిలో మూడింట రెండు వంతులు పెట్టి యాత్ర ముగించాడు. ఈ సంగతులన్నీ ఎవరో శత్రువులు రాసినవి కావు. తర్వాతి కాలంలో ఆయనే తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు.

1825 నవంబరులో ఒక శనివారం సాయంత్రం బేటా అనే స్నేహితుడు అతన్ని వాగ్నర్ అనే వ్యాపారి ఇంట్లో జరిగే కూటానికి తీసుకువెళ్లాడు. పాట పాడారు. ఒకాయన మోకాళ్లూని ప్రార్థన చేశాడు. అభిషేకం పొందిన పాదిరి లేకుండా ప్రసంగం చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం కాబట్టి, అచ్చయిన ప్రసంగమొకటి చదివి వినిపించారు. అంతే. కాని మనిషి మోకరించి ప్రార్థించడం జార్జి తన జీవితంలో చూడడం అదే మొదలు. ఆ రాత్రి ఎందుకో తెలియని సంతోషంతో ఇంటికి వెళ్లాడు. పాత అలవాట్లు ఒక్కరోజులో పోలేదు గాని, దారి మాత్రం ఆ రాత్రే మళ్లింది.

ఇక్కడ మన తెలుగువాళ్లకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. హాలేలో ఫ్రాంకే అనే దైవజనుడు 1690ల్లో స్థాపించిన పెద్ద అనాథాశ్రమం ఉంది. పేద వేదాంత విద్యార్థులకు అక్కడ ఉచిత వసతి ఇచ్చేవారు. ముల్లర్ కూడా రెండు నెలలు అందులో ఉన్నాడు. మద్రాసులో తెలుగు నేర్చుకుని వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746, 47 సంవత్సరాలలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది ఆ హాలేలోనే. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవేనని చెబుతారు.

ముల్లర్ గారు 1829లో లండన్ వచ్చారు. జబ్బుపడి, గాలిమార్పు కోసం సముద్రతీరాన ఉన్న టైన్‌మత్‌కు వెళ్లి, చివరికి అక్కడి చిన్న సంఘానికి కాపరి అయ్యారు. 1830లో మేరీ గ్రోవ్స్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె అన్నగారు ఆంటోనీ నారిస్ గ్రోవ్స్. ఏటా వెయ్యి పౌండ్లకు పైగా వచ్చే దంతవైద్యం వదులుకుని బాగ్దాద్ వెళ్లిన మనిషి. తర్వాత మన దేశానికి వచ్చి చిత్తూరులో స్థిరపడి సేవ చేశారు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు యువకులను కుటుంబాలతో సహా వెంటబెట్టుకు వచ్చింది ఈయనే. వారి వల్లనే నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. ఆ ప్రాంతం నుంచి వచ్చిన మిత్రులకు ఈ పేర్లు కొత్త కాకపోవచ్చు.

పెళ్లయిన కొద్దిరోజులకే ముల్లర్ గారు జీతం వద్దన్నారు. ఆ రోజుల్లో గుడిలో కూర్చునే బల్లలకు అద్దె వసూలు చేసి, దానితో కాపరికి జీతమిచ్చేవారు. డబ్బున్నవాళ్లకు ముందు బల్ల, లేనివాళ్లకు మూల. అది ఆయనకు నచ్చలేదు. గుమ్మం దగ్గర ఒక పెట్టె పెట్టించి, ఇష్టమున్నవాళ్లు అందులో వేస్తే చాలన్నారు. తన అవసరం దేవునికి తప్ప ఎవరికీ చెప్పకూడదని భార్యాభర్తలు నిర్ణయించుకున్నారు. 1832లో బ్రిస్టల్‌కు మారి, హెన్రీ క్రైక్ అనే స్నేహితునితో కలిసి సంఘ సేవ మొదలుపెట్టారు.

అనాథ గృహం ఎందుకు పెట్టారన్నది చాలామంది సరిగ్గా చెప్పరు. పిల్లల మీద జాలి ఉంది, నిజమే. కాని అసలు కారణం వేరు. సంఘంలో ఒకాయన రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు పనిచేసి ఆరోగ్యం పాడుచేసుకుంటున్నాడు. కొంచెం పని తగ్గించి, ఆ సమయం ప్రార్థనకు, వాక్యానికి ఇవ్వమంటే, తగ్గిస్తే ఇల్లెలా గడుస్తుందన్నాడు. దేవుని వాగ్దానాలు పుస్తకంలో ఉన్నాయని అందరూ ఒప్పుకుంటారు, వాటి మీద బరువు వేసి నిలబడమంటే మాత్రం కాళ్లు వణుకుతాయి. అలాంటి వాళ్లకు కంటితో చూసే రుజువు ఒకటి కావాలనుకున్నారు ముల్లర్ గారు. తనవంటి పేదవాడు ఎవరినీ అడగకుండా, ప్రార్థనతోనే పిల్లలను పోషించగలిగితే, అది చూసి వాళ్లు ధైర్యం తెచ్చుకుంటారని. 1835 నవంబరులో ఒకరింటికి టీకి వెళ్లినప్పుడు ఫ్రాంకే జీవితచరిత్ర మళ్లీ చేతికి దొరకడంతో ఆ ఆలోచన గట్టిపడింది. డిసెంబరు 5న కీర్తనల గ్రంథం 81వ అధ్యాయం చదువుతుండగా, నోరు బాగా తెరిస్తే నింపుతానని దేవుడు చెప్పిన పదో వచనం ఆయన్ను ఆపింది. అప్పటిదాకా గృహం పెట్టాలా వద్దా అనే అడిగేవారు. ఆ రోజు ఒక ఇల్లు, వెయ్యి పౌండ్లు, పిల్లలను చూసుకునే మంచి మనుషులు కావాలని అడిగారు.

రెండు రోజులకు తొలి షిల్లింగు వచ్చింది. తర్వాత ఒక బట్టల బీరువా, మరికొన్ని సామాన్లు. వచ్చినవాటిలో ఒక కానుక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుట్టుపని చేసుకునే ఒక పేద స్త్రీ, వారానికి సగటున మూడున్నర షిల్లింగుల సంపాదన, వంద పౌండ్లు తెచ్చి ఇచ్చింది. ముల్లర్ గారు వెంటనే తీసుకోలేదు. తొందరపాటుతో ఇస్తున్నదేమోనని పిలిపించి మాట్లాడారు. ఆమెకు కుటుంబ ఆస్తిలో వాటా వచ్చింది. చనిపోయిన తండ్రి బాకీలు తన వంతుగా తీర్చింది, తల్లికి వంద పౌండ్లు ఇచ్చింది, ఆ తర్వాతే పిల్లలకు తెచ్చింది. ఆలోచించి ఇస్తున్నదని తేలాకే తీసుకున్నారు. అడగకపోవడం కంటే వచ్చినదాన్ని ఇలా వెనక్కి పట్టి చూడడమే కష్టమని నాకనిపిస్తుంది.

ఇల్లు సిద్ధమైంది, పనివాళ్లు వచ్చారు. 1836 ఫిబ్రవరి 3న దరఖాస్తులు తీసుకుంటామని ప్రకటించి కూర్చుంటే ఒక్కరూ రాలేదు! డబ్బు కోసం, ఇంటి కోసం, మనుషుల కోసం ప్రార్థించారు గాని పిల్లలను పంపమని ప్రార్థించడం మరచిపోయామని ఆయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రమంతా ప్రార్థించారు. మర్నాడే మొదటి దరఖాస్తు వచ్చింది. ఏప్రిల్ 11న విల్సన్ వీధిలోని అద్దె ఇంట్లో ఆడపిల్లలతో గృహం ప్రారంభమైంది. తర్వాత పసివాళ్లకు, మగపిల్లలకు కూడా ఇళ్లు తీసుకున్నారు.

1838 నుంచి ఏడెనిమిదేళ్లు చాలా గడ్డుగా నడిచాయి. ఉదయం టిఫిను అయ్యేసరికి మధ్యాహ్నానికి చిల్లిగవ్వ ఉండేది కాదు. పనివాళ్లంతా చేరి ప్రార్థించేవారు. తమ దాచుకున్న డబ్బు తీసి ఇచ్చేవారు, అక్కరలేని వస్తువులు అమ్మేవారు. ఈ సంగతి పిల్లలకు మాత్రం తెలియనిచ్చేవారు కాదు. బాకీ పెట్టడం ఇష్టం లేక రొట్టెలవాడికి ఏ రోజు డబ్బు ఆ రోజే ఇచ్చేవారు, డబ్బు లేకపోతే కొనేవారు కాదు. 1838 సెప్టెంబరులో అలాంటి ఒకరోజు లండన్ నుంచి వచ్చిన ఒకావిడ తన కూతురు పంపిన మూడు పౌండ్ల చిల్లర తెచ్చి ఇచ్చింది. ఆమె నాలుగైదు రోజులుగా మగపిల్లల గృహం పక్కింట్లోనే దిగి ఉంది. వీళ్లు ప్రార్థిస్తున్న రోజుల్లో డబ్బు గోడ అవతలే ఉందన్నమాట.

ఏటా నివేదిక అచ్చు వేస్తారు కదా, అదీ ఒక రకంగా అడగడమే కదా అని అప్పట్లోనే కొందరు అన్నారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ముల్లర్ గారికీ అది తెలుసు. 1841 డిసెంబరులో ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు నివేదిక, సభ సమయం వచ్చింది. ఇప్పుడు మన పరిస్థితి చెబితే యాచించినట్టవుతుందని సభను వాయిదా వేశారు. ఆ తర్వాతి నెలలు అన్నిటికన్నా కష్టంగా గడిచాయి. అయినా సభ ముందుకు జరపలేదు.

1845లో విల్సన్ వీధిలో పొరుగువారు పిల్లల అల్లరి భరించలేకున్నామని మర్యాదగానే ఉత్తరం రాశారు. ముల్లర్ గారు కోపగించుకోలేదు. ఆలోచిస్తే పొరుగువారి మాట నిజమే, పైగా పిల్లలకు ఆడుకునే చోటూ లేదు. ఊరి బయట ఆష్లీ డౌన్ అనే మెరక మీద స్థలం చూశారు. ఎకరం 200 పౌండ్లు. యజమానిని కలుద్దామని ఇంటికి వెళ్తే లేడు, ఆఫీసుకు వెళ్తే లేడు. సరే, రేపు చూద్దామని వచ్చేశారు. ఆ రాత్రి యజమానికి మూడింటికి మెలకువ వచ్చి అయిదింటి దాకా నిద్రపట్టలేదట. ఈ స్థలం అనాథలకు ఎకరం 120 పౌండ్లకే ఇవ్వాలని ఒకటే ఆలోచన. ఉదయం ముల్లర్ గారు నోరు తెరవకముందే ఆ ధర చెప్పాడు. 1849లో 300 మందికి మొదటి భవనం, 1870 నాటికి అయిదు భవనాలు, 2,050 మందికి చోటు. లక్ష పౌండ్లకు పైగా ఖర్చు, అప్పు లేదు.

చేర్చుకోవడానికి ఇతర ఆశ్రమాలలో చందాదారుల ఓట్లు, పెద్దల సిఫారసు కావాలి. ఇక్కడ అవేమీ లేవు, వరుస ప్రకారమే. ఒక నియమం మాత్రం నేటి మనకు కఠినంగా తోస్తుంది. చట్టప్రకారం పెళ్లయిన తల్లిదండ్రుల పిల్లలై, ఇద్దరినీ పోగొట్టుకున్న వాళ్లనే చేర్చుకునేవారు. మిగతా పిల్లల తప్పేముంది? చేరినవాళ్లకు మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. మగపిల్లలకు మూడు జతల సూట్లు, ఆడపిల్లలకు అయిదు గౌన్లు, మంచి చదువు. పేదపిల్లలకు ఇంత చదువెందుకు, ఫ్యాక్టరీలకు కూలీలు దొరకకుండా చేస్తున్నాడని కొందరు పెద్దమనుషులు సణిగారు. ఆ సణుగుడు మనం ఎక్కడా విననిది కాదు.

1857 నవంబరు చివర మొదటి భవనంలో నీళ్ల బాయిలర్ కారుతోందని తెలిసింది. చుట్టూ ఇటుక కట్టడం. నిప్పు ఆర్పి, ఇటుకలు తీస్తే గాని ఎక్కడ కారుతోందో తెలియదు. మూడువందల మంది పిల్లలు చలిలో ఎలా? బుధవారం పని పెట్టుకుందామన్నారు. అంతలో ఎముకలు కొరికే ఉత్తరపు గాలి మొదలైంది. ముల్లర్ గారు రెండే అడిగారు: గాలి దక్షిణానికి తిరగాలి, పనివాళ్లకు నెహెమ్యా కాలంలో గోడ కట్టినవాళ్లలాగా పని మీద మనసుండాలి. మంగళవారం సాయంత్రం కూడా ఉత్తరపు గాలే. బుధవారం నాడు దక్షిణపు గాలి వీచింది, నిప్పే అవసరం లేనంత వెచ్చదనం. రాత్రి ఎనిమిదిన్నరకు మేస్త్రీ వచ్చి పనివాళ్లు మళ్లీ పొద్దున వస్తారని చెప్పబోతే, పనివాళ్లే రాత్రంతా చేసేస్తామన్నారు. దాదాపు ముప్పై గంటలలో ఇటుకలు కట్టి బాయిలర్ తిరిగి వెలిగించారు.

అన్ని ప్రార్థనలూ ఇలా జరగలేదు. కొడుకు ఎలీజా 1835లో పసివాడిగానే పోయాడు. 1870లో మేరీ గారు జబ్బుపడితే దినమంతా ప్రార్థించినా దక్కలేదు. ఆమె అంత్యక్రియల ప్రసంగం ఆయనే చేశారు, దేవుడు మంచివాడు, మంచే చేస్తాడనే కీర్తన మాట మీద. అడిగినది ఇవ్వనప్పుడు కూడా అదే మాట చెప్పగలిగారు కాబట్టే, బాయిలర్ కథ నేను నమ్ముతున్నాను.

డెబ్బయ్యో ఏట, 1875లో, రెండో భార్య సుసన్నా గారితో కలిసి దేశదేశాలు తిరిగి సువార్త చెప్పడం మొదలుపెట్టారు. పదిహేడేళ్లలో 42 దేశాలు, రెండు లక్షల మైళ్లు. మన దేశానికి కూడా వచ్చారు. ఆయన జీవితకాలంలో ఆ గృహాలలో పెరిగినవారు 10,024 మంది.

1898 మార్చి 9, బుధవారం సాయంత్రం ప్రార్థన కూటంలో ఎప్పటిలాగే పాల్గొన్నారు. మర్నాడు ఉదయం టీ తెచ్చిన మనిషి తలుపు తట్టితే పలుకు లేదు. మంచం పక్కన నేల మీద పడి ఉన్నారు. వయసు 92. పదిహేను లక్షల పౌండ్లదాకా చేతుల మీదుగా నడిపిన మనిషి సొంత ఆస్తి లెక్కవేస్తే పుస్తకాలు, కుర్చీలు, బల్లలతో కలిపి 160 పౌండ్లే. ఆర్నోస్ వేల్ శ్మశానంలో ఇద్దరు భార్యల సమాధుల పక్కన ఉంచారు. దాని మీది రాయి ఆ గృహాలలో పెరిగి ఉద్యోగాలు, పనులు చేసుకుంటున్న పూర్వ విద్యార్థులు తలా కొంచెం వేసుకుని పెట్టించారు. వాళ్లనూ ఎవరూ అడగలేదు.