లీలా రావు

బెంగుళూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గమున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వరుసగా వచ్చును. హిందూపురము బెల్లమునకును, చింతపండునకును పేరొందిన వ్యాపారకేంద్రము. పెనుకొండ విజయనగర రాజుల దుర్గము. ధర్మవరము పట్టుచీరల నేతకు నిలయము. ఈనాడు ఈ యూళ్ల పాఠశాలలలో బాలికలు బాలురతోబాటు ఆటస్థలమున పరుగిడుచున్నారు. 1930 ప్రాంతమున ఇట్టి దృశ్యము మిక్కిలి అరుదు. ఆడుపిల్లకు చదువే దుర్లభమైన ఆ దినములలో సముద్రములు దాటి, ఇంగ్లండులోని వింబుల్డన్ పచ్చిక మైదానమున విజయము పొందిన మొదటి భారతవనిత లీలా రావు.

ఆమె 1911వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన బొంబాయిలో జన్మించెను. తండ్రి రాఘవేంద్రరావు వైద్యుడు. తల్లి క్షమాదేవి సంస్కృత పండితురాలు. గాంధీమహాత్ముని సత్యాగ్రహమును సంస్కృత శ్లోకములలో వర్ణించి, 'సత్యాగ్రహ గీత' యను కావ్యమును రచించిన విదుషి. ఆ తల్లి టెన్నిసు ఆటయందును నేర్పరి. లీల యింటివద్దనే విద్య నభ్యసించెను. ఒకచేత గ్రంథమును, ఒకచేత రాకెట్టును పట్టిన తల్లిని చూచుచు పెరిగిన బాలికకు చదువును, ఆటయు ఒకదానికొకటి విరోధములని తోచలేదు.

1931లో లీల అఖిల భారత టెన్నిస్ పోటీలలో మహిళల సింగిల్స్ విజేతగా నిలిచెను. అటుపిమ్మట కూడ ఆ బిరుదము పలుమారు ఆమెకు దక్కెను. స్వదేశమున ఆమెకు సాటియైనవారు కొలదిమందియే. కాని స్వదేశమున మొదటిస్థానము వేరు, ప్రపంచమున స్థానము వేరు. వింబుల్డన్‌లో ఆడువారు ఇంగ్లండు, అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ మొదలగు దేశములలో చిన్ననాటనుండి శిక్షణ పొందినవారు. బొంబాయినుండి అచ్చటికి ఓడపై దినములతరబడి ప్రయాణము చేయవలెను. పైగా ఆ కాలమున గెలిచినవారికి ధనరూపమైన బహుమానము లేదు. వింబుల్డన్‌లో వృత్తిక్రీడాకారులకు ప్రవేశము లభించినది 1968లో మాత్రమే. కావున లీల యంతదూరము పోయినది ధనమునకై కాదు. తన బలమెంతయో ప్రపంచపు త్రాసులో తూచి చూచుకొనుటకే.

1934లో ఆ సమయము వచ్చెను. మొదటి రౌండులో ఆమె గ్లాడిస్ సౌత్‌వెల్ అను క్రీడాకారిణిని ఓడించెను. ఆ పోటీలలో భారతస్త్రీ యొక్క యాటలో గెలుచుట అదియే మొదలు. రెండవ రౌండులో ఫ్రాన్సు దేశపు ఇడా ఆడమాఫ్ చేతిలో ఆమె యోడిపోయెను. ఆ యేడు కిరీటము ఆంగ్లవనిత డొరోతీ రౌండ్‌కు దక్కెను. మరుసటి యేడు 1935లో లీల మరల వింబుల్డన్‌లో ఆడెను. ఈమారు ఎవెలిన్ డియర్‌మన్ చేతిలో మొదటి రౌండునందే పరాజయము కలిగెను. లెక్కవేసి చూచిన, రెండేండ్ల సింగిల్స్ పోటీలలో ఆమెకు మిగిలినది ఒక్క గెలుపు, రెండు ఓటములు.

ఇది చిన్న లెక్క యని కొందరు తలంపవచ్చును. కాని యిట్టి పోటీలో ఒక్కొక్క రౌండున సగముమంది వెనుదిరుగుదురు. తుదకు నిలుచునది ఒక్కరే. తక్కినవారందరు ఏదో యొక దినమున ఓడి మైదానము వీడవలసినవారే. వారందరు పాల్గొననిచో ఆ యొక్కరి విజయమునకు అర్థమే లేదు. లీల ఓటమికి వెరచి యింటనుండిన యెడల ఆ ఒక్క గెలుపును దేశమునకు దక్కియుండదు. ఆ గెలుపు విలువ తరువాతి చరిత్రవలన తెలియుచున్నది. టెన్నిసు ప్రపంచపు నాలుగు మహాపోటీలలో దేనియందైనను వృత్తిక్రీడాకారులకు ప్రవేశము కలిగిన పిమ్మట, సింగిల్స్ ప్రధాన విభాగమున గెలిచిన మొదటి భారతవనిత నిరుపమా వైద్యనాథన్. అది 1998లో, ఆస్ట్రేలియాలో జరిగెను. 2005లో హైదరాబాదుకు చెందిన సానియా మీర్జా ఆస్ట్రేలియా పోటీలలో మూడవ రౌండు చేరెను.

ఓటమితో లీల జీవితము కుంటువడలేదు. ఆమె నాట్యశాస్త్రమును శ్రద్ధతో పరిశీలించి, 1948లో 'నృత్త మంజరి' యను గ్రంథమును ప్రకటించెను. తల్లి వ్రాసిన కథలను సంస్కృత నాటకములుగా మలచెను. ఆమె భర్త హరీశ్వర దయాళ్ భారత ప్రభుత్వ దౌత్యాధికారి. ఆయన నేపాళమున రాయబారిగా నుండి, 1964లో హిమాలయ ప్రాంతమున మరణించెను.

ధర్మవరమునకు ఉత్తరముననున్న అనంతపురమున 2010లో స్పెయిను దేశపు క్రీడాకారుడు రఫేల్ నడాల్ పేర నొక టెన్నిసు పాఠశాల వెలసెను. ఆ ప్రాంతపు పేదబాలురు, బాలికలు అచ్చట ఆటతోబాటు చదువును నేర్చిరి. వారిలో అందరును జగద్విజేతలు కాజాలరు. ఐనను, మొదటి రౌండున నిలిచి పోరాడుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమును భారతబాలికలకు తొలుత చూపినవారిలో లీలా రావు ఒకరు.