చీకటి గదిలో వెలుగును పరీక్షించిన ఇబ్నుల్ హైసమ్

కంటికి కనబడే దృశ్యాన్ని ఉర్దూలో మనం మంజర్ అంటాం. దానికి బహువచనం మనాజిర్. కితాబుల్ మనాజిర్ అనే పేరుతో వెయ్యేళ్ల కిందట ఏడు సంపుటాల గ్రంథం రాసిన మహనీయుడు అబూ అలీ హసన్ ఇబ్నుల్ హైసమ్. మన పిల్లలు బడిలో న్యూటన్ పేరు వింటారు గాని ఈయన పేరు అంతగా వినరు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆయన సుమారు 965లో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. నైలు వరదను అదుపు చేయవచ్చునని ఆయన అన్నట్టు ఈజిప్టు ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడిందట. ఖలీఫా పిలిపించి, మనుషుల్నిచ్చి పంపారు. తీరా నదిని కళ్లారా చూశాక అది తన వల్ల కాదని తేలిపోయింది. ఖలీఫా ఆగ్రహం అంటే మాటలా! ప్రాణం దక్కించుకోవడానికి పిచ్చివాడిగా నటించారనీ, 1021లో ఖలీఫా కాలం ముగిసేదాకా ఇంట్లోనే నిర్బంధంలో ఉన్నారనీ పాత చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత అల్ అజ్హర్ మసీదు చెంత ఉంటూ, గణిత గ్రంథాలకు నకళ్లు రాసి అమ్ముకుని బతికారట.

కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటి పెద్దలు నమ్మారు. మరి సూర్యుణ్ణి చూస్తే కన్ను ఎందుకు నొచ్చుతుంది? వెలుగే బయటినుంచి కంట్లోకి వస్తోందని ఇబ్నుల్ హైసమ్ తేల్చారు. ఊరికే వాదించి ఊరుకోలేదు. చీకటి గదికి చిన్న రంధ్రం ఉంచి, బయట కొన్ని దీపాలు పెట్టించారు. లోపలి గోడమీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే పోయేది, తెరిస్తే మళ్లీ వచ్చేది.

ఎండపడిన పచ్చని చెట్ల పక్కన తెల్లగోడ ఉంటే దానిమీద పచ్చదనం తేలడం కూడా ఆయన గమనించారు. వెలుగు పడిన వస్తువు తానే వెలుగును నలుదిక్కులా పంపుతుందని గ్రహించారు. ఎందుకలా అన్నది తర్వాతి శతాబ్దాల వాళ్లు చెప్పారు. ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం వెలుగుల్ని ఎక్కువగా మింగి ఆకుపచ్చను వదిలేస్తుంది. మింగినదంతా లోపలే ఉండిపోదు సుమా! ఆకు పసరును స్పిరిట్‌లోకి దింపి నీలి వెలుగు చూపితే అది ఎర్రగా మెరుస్తుంది.

చంద్రకాంతి మీద ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. చంద్రుడు అద్దంలాంటివాడైతే మనకు ఒక చిన్న మెరుపు చుక్కే కనబడాలి గదా, బింబమంతా ఎలా వెలుగుతుంది అన్నది ఆయన తర్కం. చంద్రుడి నేల తనమీద పడిన ఎండలో నూటికి సుమారు 12 పాళ్లే తిరిగి పంపుతుందని నేడు మనకు తెలుసు. మన వెన్నెలంతా అదే. అక్కడ ఒక గుంటకు యూరపువాళ్లు ఈయనను పిలిచిన అల్ హాజెన్ అనే పేరే పెట్టారు.

ఆయన సుమారు 1040లో కైరోలో కన్నుమూశారు. కితాబుల్ మనాజిర్ లాటిన్ అనువాదం 1572లోనే బేసెల్ నగరంలో అచ్చయింది. అరబ్బీ మూలంలో మొదటి మూడు సంపుటాలు ప్రతులన్నీ సరిచూసి అచ్చువేసింది 1983లో, కువైట్‌లో.