మర్హూమ్ డాక్టర్ జోర్ సాబ్: జీవితం, గ్రంథసేవ

ఈ సంవత్సరం సావనీరుకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మని మన సొసైటీ కార్యదర్శి గారు నన్ను అడిగారు. ఉర్దూలో రాయనా, తెలుగులో రాయనా అంటే తెలుగులోనే రాయమన్నారు. కారణం అందరికీ తెలిసిందే. జల్‌పల్లిలో మన సభ్యుల ఇళ్లల్లో మాట్లాడేది ఉర్దూయే గానీ, పిల్లల్లో చాలామందికి అలిఫ్ బే రాదు. వాళ్లకు వచ్చిన అక్షరాలు ఇంగ్లీషు, తెలుగు. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునే నేను ఒక ఉర్దూ పండితుని గురించి తెలుగులో రాయవలసి రావడం మొదట్లో కొంచెం కష్టంగానే అనిపించింది. అయితే ఆ పండితుడు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ అయినప్పుడు ఫరవాలేదు. ఆయన జీవితమంతా వెచ్చించింది ఢిల్లీ, లక్నో దర్బారుల భాష కోసం కాదు, ఈ దక్కన్ నేల మీద తెలుగు, మరాఠీ, కన్నడాల పక్కన పెరిగిన మన ఇంటి మాట కోసం.

జోర్ సాబ్ 1905లో హైదరాబాదులోనే జన్మించారు. జోర్ అన్నది ఆయన తఖల్లుస్, అంటే కవితలకు పెట్టుకున్న పేరు. చివరికి అదే అసలు పేరైపోయింది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆ రోజుల్లో సైన్సు, చరిత్ర, తర్కం అన్నీ ఉర్దూలోనే బోధించేవారు. అక్కడ చదివిన తొలి తరం విద్యార్థుల్లో ఆయన ఒకరు. విద్యార్థిగా ఉండగానే సాహిత్య విమర్శ మీద రూహె తన్ఖీద్ అనే గ్రంథం రాశారు. 1927లో ఎం.ఏ. పూర్తి చేసి, నిజాం ప్రభుత్వ వేతనం మీద పై చదువులకు లండన్ వెళ్లారు.

లండన్‌లో ఆయనకు ఎదురైనదేమిటో ఒక్కసారి ఊహించుకోండి. గోల్కొండ, బీజాపూర్ సుల్తానుల కాలంలో మన దక్కనీలో చేత్తో రాసిన కితాబులు అక్కడి గ్రంథాలయాల్లో భద్రంగా, నంబర్లు వేసి ఉన్నాయి. ఇక్కడ మన ఇళ్లల్లో అలాంటివే అటకల మీద చెదలు తింటున్నాయి. ఆ రాతప్రతులు చదివి, నోట్సు రాసుకుని, 1929లో ఉర్దూ షహ్‌పారే అనే పుస్తకం వెలువరించారు. అంతకుముందు చదువుకున్నవాళ్లంతా ఉర్దూ కవిత్వం వలీతోనే మొదలైందని నమ్మేవారు. 1880లో ముహమ్మద్ హుసేన్ ఆజాద్ రాసిన ఆబె హయాత్ ఆ అభిప్రాయాన్ని స్థిరపరచింది. వలీ దక్కన్ నుంచి ఢిల్లీ వెళ్లింది 1700లో. అంటే అంతకు నూరేళ్ల ముందు గోల్కొండలో పుట్టిన సాహిత్యమంతా లెక్కలో లేనట్టే! నసీరుద్దీన్ హాష్మీ, మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటివారు అప్పటికే ఈ పొరపాటును ఎత్తి చూపుతున్నారు. ఆ పనిని జీవితవ్రతంగా పెట్టుకుని, ఒక సంస్థగా నిలబెట్టింది మాత్రం జోర్ సాబే.

లండన్ విశ్వవిద్యాలయం డాక్టరేటు తీసుకుని, పారిస్ వెళ్లి ధ్వనిశాస్త్రం అభ్యసించారు. మనం నోటితో పలికే ఒక్కొక్క శబ్దం నాలుక ఎక్కడ తగిలితే పుడుతుందో పరిశీలించే శాస్త్రం అది. హిందుస్తానీ ధ్వనుల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1930లో పారిస్‌లో అచ్చయింది. తర్వాత 1932లో ఉర్దూలోనే హిందుస్తానీ లిసానియాత్ రాశారు. ఉర్దూ ఖడీ బోలీ నుంచి పుట్టలేదనీ, ఇప్పటి పంజాబీ నుంచీ పుట్టలేదనీ, ఈ రెండూ విడిపోకముందు ఉన్న ఉమ్మడి మాటలోంచి పుట్టిందనీ అందులో ఆయన వాదం. తర్వాతి పండితులు అందరూ దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా లేకపోయినా, మా వంటి మాస్టర్లకు మాత్రం ఈ పుస్తకం కళ్లు తెరిపించింది.

నా సంగతే చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలు లోగాఁ, కితాబాఁ, బాతాఁ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి లోగ్, కితాబేఁ, బాతేఁ అని దిద్దేవాణ్ణి. ఒక అబ్బాయిని క్లాసులో నిలబెట్టి నవ్వులపాలు కూడా చేశాను. ఆ బహువచనం తప్పు కాదు. హైదరాబాద్ నగరం కట్టించిన రాజు తన కవిత్వంలో వాడిన రూపం అది. ఈ సంగతి జోర్ సాబ్ పుస్తకాలు చదివాక గానీ నాకు తెలియలేదు. మనవాళ్లు ఆతూఁ బోల్‌కే బోలా అంటే ఉత్తరాదివాళ్లకు నవ్వొస్తుంది. తెలుగు వచ్చినవాళ్లు నవ్వరు, ఎందుకంటే అది వస్తానని చెప్పిండు అనే మాటకు అచ్చం జోడు. ఆ బోల్‌కే మన తెలుగు అని లోంచి దిగినదే. పరీక్ష పేపర్లో ఇప్పటికీ దిద్దుతాను, దిద్దక తప్పదు. ఎందుకు దిద్దుతున్నానో మాత్రం పిల్లలకు చెప్తాను.

తిరిగి వచ్చి ఉస్మానియాలో ఉర్దూ బోధిస్తూనే, 1931లో మిత్రులతో కలిసి ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించారు. పాత రాతప్రతులు, ఫర్మానాలు, చిత్రాలు, ఖుష్‌ఖతీ పలకలు, నాణేలు ఎక్కడున్నాయని తెలిసినా సంపాదించి అక్కడికి చేర్చారు. సంపాదించి బీరువాలో పెట్టి తాళం వేయడం ఆయన పద్ధతి కాదు. ఒక్కో ప్రతిని తెరిచి, రాసిందెవరు, ఎప్పుడు, ఎన్ని పుటలు, ఏ విషయం అని వివరంగా జాబితా తయారుచేశారు. తజ్కిరె మఖ్తూతాత్ పేరుతో వచ్చిన ఆ జాబితా ఆయన హయాంలోనే ఐదు సంపుటాలైంది. ఇలాంటి పనికి చప్పట్లు కొట్టేవాళ్లుండరు. ఆ తర్వాత దక్కనీ మీద పరిశోధన చేసినవాళ్లు ఈ జాబితా పట్టుకునే దారి వెతుక్కున్నారు.

1938లో సబ్‌రస్ అనే మాసపత్రిక ప్రారంభించారు. గోల్కొండ ఆస్థానకవి ముల్లా వజ్హీ 1635లో రాసిన వచన గ్రంథం పేరు అది. ఆ పేరు పెట్టడంలోనే ఆయన ఉద్దేశం కనిపిస్తుంది.

ఇక ఆయన చేసిన పనులన్నింటిలో నాకు మిన్నగా కనిపించేది 1940లో వెలువడిన కుల్లియాతె ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా. చార్మినార్ కట్టించిన సుల్తాను 1580 నుంచి 1612 వరకు గోల్కొండను పాలించాడు. ఉర్దూలో దీవాన్ ఉన్న తొలి కవి ఆయనే. మామ కవితలన్నీ పోగుచేయించి గ్రంథంగా కట్టించింది అల్లుడు, వారసుడు అయిన సుల్తాన్ ముహమ్మద్, 1616లో. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఆ కవిత్వం రాతప్రతుల్లోనే ఉండిపోయింది. మూడవ సాలార్‌జంగ్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ ఆదరణతో జోర్ సాబ్ దాన్ని పరిష్కరించి, పెద్ద పీఠిక రాసి అచ్చువేయించారు. అందులో ఏముందని అడిగితే, మనమున్నామని చెప్పాలి. ఈద్, షబె బరాత్, మీలాద్, నౌరోజ్ పండుగలతోపాటు బసంత్ కూడా ఉంది. పండ్లు, కూరగాయలు ఉన్నాయి. మిర్గ్ మీద కవితలున్నాయి. మిర్గ్ అంటే మృగశిర కార్తె, ఇప్పటికీ ఆ రోజున చేపలు కొనడానికి మన బజార్లలో జనం కిటకిటలాడే మృగశిరే. ఇరాన్‌లో మూలాలున్న వంశంలో పుట్టిన రాజు ఆ కార్తెలో పడే తొలివాన మీద కవిత రాశాడంటే, ఈ నేలతో ఎంతగా కలిసిపోయాడో వేరే చెప్పనక్కరలేదు.

చరిత్ర మీద కూడా ఆయన చాలా రాశారు. హైదరాబాద్ పట్టణ నిర్మాణానికి నక్షా వేసిన పేష్వా మీర్ మోమిన్ జీవితం రాశారు. పాతబస్తీలో దాయరా మీర్ మోమిన్ ఖబరస్తాన్‌కు జనాజా వెంట వెళ్లినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ పేరుగల మనిషి ఎవరో తెలుసుకోవాలంటే ఆ పుస్తకం చదవాలి. ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్ ఈ నగరం చరిత్ర. సైరె గోల్కొండ, గోల్కొండే కే హీరే అనేవి యువకుల కోసం కథల ధోరణిలో రాసినవి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. జోర్ సాబ్‌కు ఖుతుబ్ షాహీల మీద ఉన్న ప్రేమ ఒక్కోచోట పరిశోధనను మించిపోయింది. భాగమతి కథను ఆయన నిజమనే నమ్మారు, మనసుపెట్టి రాశారు. ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ మాత్రం శాసనాల్లో గానీ నాణేల మీద గానీ ఆమె ఆనవాలు లేదని గట్టిగా వాదించారు. ఆ రోజుల రాతల్లో భాగ్‌నగర్ అనే పేరు కనిపిస్తుంది కదా అని ఇటువైపు వాళ్లు అంటారు. ఈ తగాదా నేను తీర్చగలిగేది కాదు. జోర్ సాబ్ కథల పుస్తకాలను కథలుగా, జాబితాలను, పరిష్కరించిన ప్రతులను చరిత్రగా చదువుకుంటే చిక్కుండదని నాకు తోస్తుంది.

1948 తర్వాత రోజులు మారాయి. ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. మనవాళ్లు కొందరు దేశం విడిచి వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు నౌకరీల కోసం పరేషాన్ అయ్యారు. ఉర్దూ చదివితే ఏమొస్తుందని ఇళ్లల్లోనే అడగడం మొదలైంది. జోర్ సాబ్ ఇక్కడే ఉన్నారు. చాదర్‌ఘాట్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఇదారా తలుపులు మూయనివ్వలేదు. ఆ సంస్థకు సొంత భవనం కోసం పంజాగుట్టలో స్థలం ఇచ్చింది ఆయన భార్య తహ్నియతున్నిసా బేగం. ఆమె స్వయంగా నాత్‌లు రాసిన కవయిత్రి. 1960లో ఐవానె ఉర్దూ నిర్మాణం పూర్తయింది. ఖులీ ఖుతుబ్ షా సమాధి దగ్గర ఆయన స్మారక దినం జరిపే ఆనవాయితీ పెట్టింది కూడా జోర్ సాబే.

ఆ మరుసటి సంవత్సరం కాశ్మీర్ విశ్వవిద్యాలయం ఉర్దూ ఆచార్యునిగా పిలిచింది, వెళ్లారు. 1962 సెప్టెంబరు 24న శ్రీనగర్‌లో కన్నుమూశారు. ఖననం అక్కడే జరిగింది. దక్కన్ మట్టిని వదలని మనిషికి దక్కన్ మట్టి దక్కలేదు.

ఇదారా చేసిన ఒక పని చెప్పకుండా వదిలేశాను. స్కూలు గడప తొక్కనివాళ్ల కోసం ఉర్దూ దానీ మొదలు ఉర్దూ ఫాజిల్ దాకా పరీక్షలు పెట్టేవారు. స్త్రీల కోసం ప్రత్యేక శాఖ కూడా ఉండేది. ఇంట్లోనే చదువుకుని ఆ పరీక్షలు పాసైన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు.

కొన్నాళ్ల కిందట మన బస్తీలో ఒక పాత ఇల్లు పడగొట్టారు. సందూకులో ఉన్న కాగితాలన్నీ రద్దీవాడికి తూకానికి ఇచ్చేశారని తెలిసి పరుగెత్తాను. అప్పటికే బండి వెళ్లిపోయింది. గోడ పక్కన ఒక్క కాగితం పడి ఉంటే ఆ ఇంటి కుర్రాడు తీసి నా చేతికిచ్చి, ఏం రాసుందో చదవమన్నాడు. అది ఇదారె అదబియాతె ఉర్దూ ఇచ్చిన ఉర్దూ దానీ సనదు. పేరు వాడి దాదీది. ఆమె చదువుకున్నదని వాడికి అప్పటిదాకా తెలియదు. నాచేత రెండుసార్లు చదివించుకుని, మడత పెట్టకుండా నోటుబుక్కులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.