ఉన్నదానితోనే పరుగు - ఎమిల్ జటోపెక్ జీవితం

కానిస్టేబుల్ సెలక్షన్లలో 1600 మీటర్ల పరుగు ఉంటుందని మన హాస్టల్లో అందరికీ తెలుసు. దానికి తయారవుదామని మేము ముగ్గురం రూమ్మేట్లం అనుకున్నప్పుడు మా దగ్గర కోచింగుకు డబ్బులు లేవు, మంచి బూట్లు లేవు, దగ్గర్లో గ్రౌండు కూడా లేదు. అప్పుడు లైబ్రరీలో చదివిన ఎమిల్ జటోపెక్ జీవితం మాకు ధైర్యాన్నిచ్చింది. దాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లతో, పాత విద్యార్థులైన అన్నలతో పంచుకుంటున్నాం.

జటోపెక్ 1922 సెప్టెంబరు 19న అప్పటి చెకోస్లోవేకియాలో పుట్టారు. తండ్రి వడ్రంగి. పెద్ద సంసారం, చిన్న సంపాదన. పై చదువులకు స్తోమత లేక పదహారో ఏట జ్లిన్ పట్టణంలోని బాటా ఫ్యాక్టరీలో పనికి చేరారు. మనకు తెలిసిన బాటా చెప్పుల కంపెనీ పుట్టింది ఆ ఊళ్లోనే. పగలు పని, సాయంత్రం చదువు, ఉండేది కంపెనీ హాస్టల్లో.

ఆయనకు మొదట్లో పరుగు మీద ఆసక్తే లేదు. 1941లో కంపెనీ వ్యాయామ శిక్షకుడు ఒక పందెంలో పరిగెత్తి తీరాలన్నారు. ఒంట్లో బాగాలేదని తప్పించుకోబోతే, డాక్టరు పరీక్షించి ఏమీ లేదని తేల్చారు. చేసేది లేక పరిగెత్తిన జటోపెక్ వందమందిలో రెండో స్థానంలో వచ్చారు. అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది.

దూరం పరిగెత్తాలంటే రోజూ చాలా దూరం ఒకే తీరున పరిగెత్తాలని అప్పట్లో ఎక్కువమంది నమ్మేవారు. ఆయన వేరుగా ఆలోచించారు. కొద్ది దూరం వేగంగా పరిగెత్తడం, కాసేపు మెల్లగా సాగడం, మళ్లీ వేగం అందుకోవడం. ఏళ్ల తరబడి పెంచుకుంటూ పోయి, ఒక్క రోజులో 400 మీటర్లను అరవైసార్లు పరిగెత్తే స్థాయికి చేరారు. సైన్యంలో చేరాక బరువైన బూట్లతో, రాత్రిపూట చేతిలో టార్చిలైటుతో పరిగెత్తారు. ఇంట్లో బట్టలుతికే పని పడితే తొట్టిలో సబ్బునీళ్లు పోసి, మాసిన బట్టలు వేసి, వాటి మీదే పరుగు తీశారు. ఉతుకూ అయింది, వ్యాయామమూ అయింది.

1948 లండన్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లలో బంగారు పతకం, 5,000 మీటర్లలో వెండి పతకం సాధించారు. 1952 హెల్సింకిలో ఈ రెండింటిలోనూ బంగారమే. అంతకుముందు ఒక్కసారి కూడా పరిగెత్తని మారథాన్‌లోనూ పేరిచ్చి, అదీ గెలిచారు. మూడు బంగారు పతకాలూ ఎనిమిది రోజుల్లోనే. ఆయన 5,000 మీటర్లు గెలిచిన రోజే భార్య డానా జావెలిన్ త్రోలో బంగారు పతకం గెలిచారు. దంపతులిద్దరి పుట్టినరోజూ ఒకటే, ఏడాదీ ఒకటే.

1966లో ఆస్ట్రేలియా పరుగువీరుడు రాన్ క్లార్క్ ప్రాగ్ వచ్చారు. ఎన్నో ప్రపంచ రికార్డులు నెలకొల్పినా ఆయనకు ఒలింపిక్ బంగారు పతకం దక్కలేదు. జటోపెక్ తన పతకాల్లో ఒకదాన్ని ఆయన చేతిలో పెట్టి పంపారు. 1968లో సోవియట్ సేనలు తన దేశంలోకి వచ్చినప్పుడు బాహాటంగా వ్యతిరేకించి, సైన్యంలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. తర్వాత కొన్నేళ్లు ఊరికి దూరంగా కాయకష్టం చేసి బతికారు. 2000 నవంబరులో ప్రాగ్‌లో కన్నుమూశారు.

ఇది చదివి మేము చేసిన మొదటి పని తప్పు పని. తొలిరోజే హాస్టల్ ప్రహరీ చుట్టూ ఇరవైసార్లు వేగంగా పరిగెత్తాం. మూడు రోజులు మెట్లు దిగలేకపోయాం. మళ్లీ పుస్తకం తీస్తే అప్పుడు కనిపించింది, ఆయన అంత స్థాయికి చేరడానికి పట్టిన ఏళ్లు. ఆ తర్వాత నాలుగు చుట్లతో మొదలుపెట్టి, చుట్టుకీ చుట్టుకీ మధ్య నడిచి, వారానికొకటి పెంచాం. ఆదివారం బకెట్లో బట్టలు తొక్కడం కూడా చేశాం, వార్డెన్ సార్ నవ్వారు.

మాలో ఇద్దరం 1600 మీటర్లు గట్టెక్కాం. మూడో మిత్రుడు కొద్ది సెకన్లలో తప్పాడు. ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు, తోడుగా మేమిద్దరం కూడా. మా ముగ్గురి ఇళ్లలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్లం మేమే. ఎలా చదవాలో చెప్పినవారు లేకపోయినా చదువుకున్నాం. పరుగు కూడా అలాగే నేర్చుకోవచ్చు. తమ్ముళ్లూ, ప్రహరీ చుట్టూ దారి ఖాళీగానే ఉంది. నాలుగు చుట్లతో మొదలుపెట్టండి.