కాంతి జమాఖర్చు చూసిన తెలుగువాడు – ఆచార్య సూరి భగవంతం

కాంతి గాలిలోంచి నీటిలోకి పోతే తరంగదైర్ఘ్యం మారుతుంది గానీ పౌనఃపున్యం మారదని మనమంతా చదువుకున్నాం. ఆ మాట యానకం కదలకుండా మెదలకుండా ఉన్నప్పుడే నిజం. యానకమే క్షణక్షణానికి మారుతుంటే ఏమవుతుంది? ఆ ప్రశ్న చుట్టూ చాలా ఏళ్ళు పనిచేసిన మనవాడు సూరి భగవంతం గారు.

ఆయన 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. మన మధిర, సత్తుపల్లి వైపు వాళ్ళకు ఆ ఊరు మరీ దూరమేమీ కాదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదువు ముగించి 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరం అదే. అప్పటికి ఈయనకు ఇంకా ఇరవై నిండలేదు!

రామన్ ఫలితంలో ఉన్నది కూడా జమాఖర్చే. అణువులు కంపిస్తుంటాయి. వాటి మీద పడిన కాంతిలో కొంత తన శక్తిని వాటికి ఇచ్చి రంగు మారి బయటికొస్తుంది. మరికొంత వాటి దగ్గర శక్తి తీసుకుని వస్తుంది. ఒకరి ఖర్చు మరొకరి జమ. 1931లో రామన్ గారితో కలిసి భగవంతం గారు కాంతి కణానికి స్పిన్ ఉందని చూపే ప్రయోగం చేశారు.

1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. కలకత్తాలోనే ఉండిపోకుండా మన నేల మీద భౌతికశాస్త్ర పరిశోధన పెంచడానికి పూనుకోవడం, నా దృష్టిలో, ఆయన చేసిన ఏ ప్రయోగానికీ తీసిపోదు. అక్కడ ఆయన అతిధ్వనుల మీద పడ్డారు. ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉండే క్వార్ట్జ్ ముక్కతో రకరకాల పౌనఃపున్యాల ధ్వనిని పుట్టించి, స్ఫటికాల స్థితిస్థాపకతను కొలిచే పద్ధతి ఆయన బృందం రూపొందించింది. చాలా ఎక్కువ పౌనఃపున్యం ఉన్న అతిధ్వనుల వల్ల కాంతి ఎలా వివర్తనం చెందుతుందో శిష్యుడు బి. రామచంద్రరావు గారితో కలిసి పరిశీలించి 1948లో ప్రచురించారు.

ధ్వని పోతున్న ద్రవంలో ఒక చోట ఒత్తుగా, పక్కనే పలచగా ఉంటుంది. ఆ వరుస కదులుతూ ఉంటుంది. అందులోంచి వచ్చిన కాంతి చీలి, ఒక పక్క కిరణం పౌనఃపున్యం ధ్వని పౌనఃపున్యమంత పెరుగుతుంది, రెండో పక్కది అంతే తగ్గుతుంది. సెకనుకు కోటి కంపనాల ధ్వని అయితే ఈ మార్పు సుమారు ఐదు కోట్లలో ఒక వంతు. చిన్నదే, కానీ సున్నా కాదు. అయితే శక్తి నిత్యత్వ నియమం తప్పిందా? లేదు. పెరిగిన శక్తి ధ్వని ఇచ్చింది. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల మీద నిలబడి సమయానికి వంగి లేచే పిల్ల ఊపు పెంచుకుంటుంది కదా, ఆ శక్తి ఆమె కాళ్ళది. ఉయ్యాలను మాత్రమే చూస్తే లెక్క కుదరదు, పిల్లను కూడా కలపాలి.

తరవాత ఆయన 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షులుగా, 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేశారు. పదవుల చిట్టా ఇంకా పెద్దదే. వాటికన్నా టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూపు సిద్ధాంతం మీద రాసిన పుస్తకమే విద్యార్థులకు ఎక్కువ ఉపయోగపడింది. 1989లో కన్నుమూశారు.

మెటామెటీరియల్ అనే మాట ఆయన కాలంలో లేదు. మనిషి కట్టిన అలాంటి పదార్థం గుణాన్ని అంతటా ఒకేసారి, చటుక్కున మార్చితే తరంగదైర్ఘ్యం అలాగే ఉండి పౌనఃపున్యం మారుతుంది. అంటే మన పాఠానికి సరిగ్గా తిరగబడిన సంగతి! 2016లో పారిస్‌లో నీళ్ళ తొట్టిని ఒక్క కుదుపు కుదిపితే, వ్యాపిస్తున్న అలల్లో కొంత భాగం వెనక్కి మళ్ళి పుట్టిన చోటికి చేరింది. 2023లో న్యూయార్క్‌లో విద్యుదయస్కాంత తరంగాలతో కాలంలో పరావర్తనం చూపారు. అక్కడ జమ అయిన శక్తి, స్విచ్చులు వేసి పదార్థాన్ని మార్చిన సర్క్యూటు నుంచి వచ్చింది.