మధుర పాదం - డాక్టర్ హెన్రీ వాండైక్ కార్టర్

వైద్యవిద్యార్థికి ‘గ్రేస్ అనాటమీ’ అను బృహద్గ్రంథంతో పరిచయం లేకుండా ఉండదు. 1959లో స్థాపితమైన మన వరంగల్లు కాకతీయ వైద్యకళాశాల మొదలు లండను నగరం వరకు ఆ పేరు వినని వైద్యులు అరుదు. అయితే 1858లో వెలువడిన ప్రథమ ముద్రణలోని 363 చిత్రాలను గీసిన చేయి గ్రేది కాదు. అది హెన్రీ వాండైక్ కార్టర్ అను యువవైద్యునిది.

కార్టర్ 1831లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో ఒక చిత్రకారుని ఇంట జన్మించినారు. లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో వైద్యం అభ్యసించి, అక్కడే గ్రేతో కలసి శవచ్ఛేదన చేయుచు ఆ చిత్రాలను సిద్ధపరచినారు. అందుకు ఆయనకు ముట్టినది ఒకేసారి 150 పౌండ్లు మాత్రమే. గ్రంథకర్తకు ప్రతి వేయి ప్రతులకు రాయల్టీ లభించింది. ముఖపత్రంపై కార్టర్ పేరును చిన్న అక్షరాలకు కుదించినవాడు కూడ గ్రేయే! పుస్తకం వెలువడిన ఆ సంవత్సరమే కార్టర్ బొంబాయి చేరి, గ్రాంట్ వైద్యకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధింపసాగినారు.

ఆ రోజులలో దక్షిణదేశపు రైతులను ఒక వింత పాదరోగం పీడించుచుండెను. మధుర వైద్యశాలలో గిల్ 1842లోను, కోల్‌బ్రూక్ 1846లోను దీనిని వర్ణించినారు. అదే 1846లో, తెలుగువారు కూడ నివసించు బళ్లారి నుండి గాడ్‌ఫ్రే అను వైద్యుడు దీనిని గూర్చి ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించినాడు. పుట్టిన ఊరిని బట్టి దానికి ‘మధుర పాదం’ అని పేరు వచ్చింది. పేరులోని మాధుర్యం రోగంలో లేదు. ఉత్తకాళ్లతో చేలలో నడచువానికి ముల్లు గుచ్చుకొనును. ఆ గాయం మానిపోవును. కాని నెలలకో సంవత్సరాలకో అచ్చట నొప్పి లేని గడ్డ లేచును. నొప్పి లేదు గనుక వైద్యుని వద్దకు పోవలెనని ఎవరికీ తోచదు. క్రమంగా పాదం ఉబ్బి, అనేక రంధ్రాలు పడి, చీముతోబాటు నల్లని రేణువులో, చేపగుడ్ల వంటి తెల్లని రేణువులో వెలువడును. చివరకు ఎముకలు తినివేయబడును. నాటి చికిత్స ఒక్కటే: కాలు నరకుట. కాలు పోయిన కూలివాని కుటుంబానికి ఆధారమేమి?

కార్టర్ అట్లు నరికిన పాదాలను కోసి, సూక్ష్మదర్శినిలో పరిశీలించి, తన కుంచెతోనే చిత్రించినారు. నల్లని రేణువులలో బూజు పోగులు కనిపించినవి. ఈ రోగానికి శిలీంధ్రమే కారణమని 1860లో ప్రకటించి, దానికి ‘మైసిటోమా’ అని నామకరణం చేసినారు. 1874లో దానిపై సచిత్ర గ్రంథం వెలువరించినారు. రోగి కణజాలం నుండి మొలచిన ఒక ఎర్రని బూజునకు బర్క్‌లీ అను శాస్త్రజ్ఞుడు కార్టర్ పేరు పెట్టినాడు గాని, అది అసలు కారకం కాదని తరువాత తేలినది. అంతేగాక, కొన్ని రోగాలకు శిలీంధ్రం గాక పోగుల వలె పెరుగు బాక్టీరియా కారణమని కూడ తెలిసినది. ఇవి ఆయన కీర్తికి కళంకమని నేను తలచను. నూరేళ్లకు పైబడిన పరిశోధన ఆయన వేసిన బాటలోనే సాగినది.

ఈ భేదం చికిత్సకు ప్రాణం. బాక్టీరియా వలన వచ్చిన దానికి కోట్రైమాక్సజోల్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు పనిచేయును. శిలీంధ్రం వలన వచ్చిన దానికి ఇట్రాకొనజోల్ వంటి మందులు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరం పైబడి వాడవలె. తోడుగా శస్త్రచికిత్స కూడ అవసరమగును. నల్లని రేణువులు సాధారణంగా శిలీంధ్రానికి గుర్తు. సకాలంలో గుర్తించినచో కాలు దక్కును. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని 2016లో నిర్లక్ష్యానికి గురియైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది.

కార్టర్ సతారాలో సివిల్ సర్జనుగా పనిచేసినారు. కుష్ఠు, పునరావృత జ్వరం మీద కూడ పరిశోధించినారు. 1888లో పదవీవిరమణ చేసి స్వదేశం చేరి, 1897లో స్కార్‌బరోలో క్షయవ్యాధితో మరణించినారు.